గోడ మీది సాలీడూ, సింకు కింది బొద్దింకా

పెప్పా పిగ్ కార్టూన్ తెలియని పిల్లలు ఇప్పుడు తెలుగు ఇళ్ళలోనూ తక్కువే. ఇంగ్లండులో తయారయ్యే ఆ కార్టూన్లో ‘మిస్టర్ స్కిన్నీ లెగ్స్’ అనే భాగం ఒకటుంది. ఇంట్లో సాలీడు కనబడితే పిల్లలు బెదురుతారు. అదెంత చిన్నదో చూడండి, మిమ్మల్ని ఏమీ చేయలేదని నాన్న ధైర్యం చెబుతాడు. కాసేపటికి ఆ సాలీడు ఇంట్లో మనిషిలా కలిసిపోతుంది. ఇంగ్లండు పిల్లలకు చెప్పవలసిన మాటే అది. అక్కడి ఇళ్ళలో తిరిగే సాలీళ్ళు కుట్టడమే అరుదు, కుట్టినా తేనెటీగ కుట్టినంత బాధ ఉంటే ఎక్కువ. ఆస్ట్రేలియాకు వచ్చేసరికి కథ తిరగబడింది. పిల్లలు ఏ సాలీడునైనా చేత్తో పట్టుకుంటారన్న భయంతో అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ 2012లో ఆ భాగాన్ని ఇక చూపకూడదని నిర్ణయించింది. 2017లో మరో చానల్లో వస్తే ఒక తల్లి ఫిర్యాదు చేయడంతో అక్కడా ఆపేశారు. ఒక దేశంలో పిల్లలకు ధైర్యం నూరిపోసే పాఠం ఇంకో దేశంలో ప్రమాదకరమైన పాఠమైంది.

చలిదేశం వదిలి వేడిదేశానికి కాపురం మార్చేవాళ్ళ చిక్కంతా ఈ చిన్న ఉదంతంలో ఉంది. ఆస్ట్రేలియాలో 2021 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండులో పుట్టినవాళ్ళే తొమ్మిది లక్షలకు పైగా ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2016లో 34 వేల పైచిలుకు ఉంటే, ఐదేళ్ళలో దాదాపు 59 వేలయ్యారు. వీళ్ళలో హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో నేరుగా వెళ్ళినవాళ్ళు ఎక్కువే అయినా, లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో కొన్నేళ్ళు ఉండి అటు మారినవాళ్ళూ ఉన్నారు. అందరి చెవినా పడే మాటలు రెండే: ‘అక్కడన్నీ విషప్పురుగులే, జాగ్రత్త’ అనేది ఒకటి, ‘అంతా అతిశయోక్తి, పట్టించుకోకండి’ అనేది రెండోది. రెండూ పనికిరావు. రెండింటిలోనూ ఒకటే లోపం. పురుగులన్నిటినీ ఒక్క గంపలో వేసి మాట్లాడతాయి. వేడిదేశపు ఇంట్లో పురుగుల బెడద నిజమే. కానీ మన భయం వెళ్ళే దిక్కు ఒకటి, కీడు వచ్చే దిక్కు ఒకటి. భయం ఆకారాన్ని చూసి వెళుతుంది. కాళ్ళు పొడుగ్గా, వెంట్రుకలతో, అరచేయంత ఉంటే భయపడతాం. నిజంగా ఆస్పత్రికి పంపేవి చాలా వరకు చిన్నవి, మామూలువి, రోజూ కనబడేవి. అందుకే కొత్తగా వెళ్ళినవాళ్ళకు చెప్పవలసింది ధైర్యమూ కాదు, జాగ్రత్తా కాదు. ఏది ఏదో గుర్తుపట్టడం నేర్పాలి.

అసలు వేడిదేశంలో పురుగులు ఎందుకు ఎక్కువ? వాటి ఒంటి వేడి బయటి వేడిని బట్టే ఉంటుంది. చుట్టూ చల్లబడితే ఎదుగుదల మందగిస్తుంది, గుడ్లు పొదిగే కాలం సాగుతుంది, ఒక హద్దు దాటితే అన్నీ ఆగిపోతాయి. ఇంగ్లండులో ఏటా నాలుగైదు నెలలు చలికాలమే పెస్ట్ కంట్రోల్ పని చేసిపెడుతుంది, అదీ ఉచితంగా. సిడ్నీ చలికాలం ఆ పని చేయదు. బ్రిస్బేన్‌లో చలికాలమని చెప్పుకునేది ఇంగ్లండు చలి ముందు పెద్ద చలేమీ కాదు. దానికి తోడు ఇళ్ళు. చలిదేశపు ఇల్లు గాలి చొరబడకుండా బిగించి కడతారు, ఎందుకంటే లోపలి వేడి బయటికి పోతే డబ్బు పోయినట్టే. ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా క్వీన్స్‌లాండ్‌లో, పాత కొయ్య ఇళ్ళను గాలి ఆడేలా గుంజల మీద ఎత్తి కట్టారు. తలుపు కింద వేలు పట్టేంత సందు ఉండటం తప్పుగా ఎవరికీ అనిపించదు. ఆ సందే దారి. వలస వెళ్ళినవాళ్ళు తాము శుభ్రంగా ఉండటం లేదేమోనని కుంగిపోవడం కద్దు. శుభ్రత బొద్దింకల్ని, చీమల్ని తగ్గిస్తుంది, నిజమే. కానీ తోటలోంచి దారి తప్పి వచ్చే సాలీడుకు మీ వంటింటి శుభ్రతతో పని లేదు.

సాలీళ్ళ విషయంలో లెక్కలు ఏం చెబుతున్నాయో చూద్దాం. 1999, 2001 మధ్య ఆస్ట్రేలియాలో జాఫ్రీ ఇస్‌బిస్టర్, మైక్ గ్రే అనే పరిశోధకులు కుట్టిన సాలీడును పట్టి తెచ్చిన కేసుల్నే తీసుకుని, నిపుణులతో దాని జాతి నిర్ధారించి, 750 కాట్లను లెక్కగట్టారు. వాటిలో చెప్పుకోదగ్గ బాధ కలిగించినవి 44. ఆ 44లో 37 రెడ్‌బ్యాక్ అనే ఒక్క జాతివి. తీవ్రమైన నరాల విషం ఎక్కిన కేసు ఒకే ఒక్కటి, అది ఫనెల్‌వెబ్ అనే ఇంకో సాలీడుది. మిగతా 700 పైచిలుకు మందికీ కాసేపు నొప్పి, ఎరుపు, దురద, అంతే. సాలీడు కాటుతో మనిషి చనిపోయాడని ఖాయంగా చెప్పగల సంఘటన 1979 తరవాత ఆస్ట్రేలియాలో లేదని అక్కడి మ్యూజియం చెబుతుంది. దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి రావచ్చు. చావులు లేకపోవడం సాలీడు మంచితనం కాదు, విరుగుడు మందు గొప్పతనం కదా? ఫనెల్‌వెబ్ మటుకు ఇది అక్షరాలా నిజం. 1981లో దాని విరుగుడు అందుబాటులోకి వచ్చేలోపు 13 మరణాలు నమోదయ్యాయి. కామన్‌వెల్త్ సీరం లాబొరేటరీస్‌లో స్ట్రువన్ సదర్లాండ్ ఏళ్ళ తరబడి పనిచేసి ఆ మందు తయారుచేయకపోతే ఆ జాబితా పెరిగేదే. కాబట్టి ఫనెల్‌వెబ్‌ను తేలిగ్గా తీసుకోమనడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ అభ్యంతరం ముఖ్యంగా ఆ రకానికే వర్తిస్తుంది. దాన్ని పట్టుకుని గోడ మీది ప్రతి సాలీడునూ చెప్పుతో కొట్టడం న్యాయం కాదు, లాభసాటీ కాదు.

గోడ మీది సాలీడంటే ఎక్కువసార్లు హంట్స్‌మన్. కాళ్ళు చాపితే 15 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. ఒళ్ళు చదును, కాళ్ళు పీతకాళ్ళలా పక్కకు తిరిగి ఉంటాయి, అందుకే తలుపు సందులోంచి, ఫొటో ఫ్రేము వెనకనుంచి కాగితంలా జారిపోతుంది. గూడు అల్లదు. రాత్రిళ్ళు తిరిగి పురుగుల్ని వేటాడి తింటుంది. నిజానికి తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. మన పాత ఇళ్ళ అటకల మీద, దొడ్లో గోడల మీద, పొట్ట కింద తెల్లని బిళ్ళ లాంటి గుడ్ల సంచి పట్టుకుని తిరిగే పెద్ద సాలీడు ఈ కుటుంబానిదే. దాన్ని చూసి మన అమ్మమ్మలు మహా అయితే చీపురు అందుకునేవారు. హంట్స్‌మన్ కరిస్తే నొప్పి ఉంటుంది గాని ప్రాణాపాయం లేదు. దానివల్ల వచ్చే అసలు ప్రమాదం కారులో. ఎండ అద్దానికి అడ్డం పెట్టే రేకు వెనక నక్కి ఉండి, కారు నడుస్తుండగా ఒళ్ళో పడితే, సాలీడు ఏమీ చేయకముందే మనిషే స్టీరింగు వదిలేస్తాడు. ఇంట్లో కనబడినప్పుడు వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి దాని మీద నెమ్మదిగా బోర్లించి, గోడకీ డబ్బాకీ మధ్య గట్టి అట్టముక్క దూర్చి, రెండూ కలిపి పట్టుకుని బయట తోటలో విడిచిపెడితే సరిపోతుంది. డబ్బా అంచు కాలి మీద పడకూడదు, పడితే బెదిరి పరిగెడుతుంది. దాని పరుగు మాత్రం ఎవరికైనా గుండె ఝల్లుమనిపించేదే.

గుర్తుపట్టక తప్పనివి రెండు. మొదటిది రెడ్‌బ్యాక్. ఆడదానికి బఠాణీ గింజంత నల్లని గుండ్రటి పొట్ట, వీపు మీద ఎర్రని చార. ఇంట్లోకి పెద్దగా రాదు. తోట కుర్చీల అడుగున, పూలకుండీ అంచు కింద, పోస్టు డబ్బాలో, పిల్లల సైకిలు మూల, పెరట్లోని పాత మరుగుదొడ్డి పీట కింద చిందరవందరగా గూడు కడుతుంది. తనంతట తాను మీదికి రాదు, చెయ్యి తగిలితే కరుస్తుంది. నొప్పి గంటలు, ఒక్కోసారి రోజులు ఉంటుంది. దీనికి 1956 నుంచీ విరుగుడు ఉంది. అయితే 2014లో వెలువడిన ఒక పరీక్షలో, మామూలు నొప్పిమాత్రలకు ఆ విరుగుడు కలిపి ఇచ్చినా పెద్ద తేడా కనబడలేదు. దాంతో దాని వాడకంపై వైద్యులు పునరాలోచనలో పడ్డారు. రెండోది ఫనెల్‌వెబ్. ఇది ఆస్ట్రేలియా అంతటా లేదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన సిడ్నీ ఫనెల్‌వెబ్ ఆ నగరం చుట్టుపక్కల, న్యూకాజిల్ నుంచి ఇల్లవారా దాకా ఉండే తడినేలల జీవి. నిగనిగలాడే నలుపు, బరువైన ఒళ్ళు. ఆడది బొరియ వదలదు. మగది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, ముఖ్యంగా వాన పడ్డాక, జోడీ వెతుక్కుంటూ బయటికొచ్చి బూట్లలో, నేల మీద వదిలేసిన బట్టల్లో, ఈతకొలనుల్లో చేరుతుంది. కొలను అడుగున కదలకుండా పడి ఉన్నా ఒక రోజు పైబడి బతికే ఉండొచ్చు, చచ్చిందని చేత్తో తీయకూడదు. దీని విషంలో ఓ వింత ఉంది. కుక్కల్ని, పిల్లుల్ని, కుందేళ్ళని పెద్దగా బాధించదు, కోతుల్నీ మనుషుల్నీ చంపగలదు. ఇన్నాళ్ళూ ఒకే జాతి అనుకున్నది నిజానికి మూడు జాతులని 2025 జనవరిలో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఉన్న విరుగుడు మూడింటికీ పనిచేస్తుంది.

చేయని తప్పుకు నిందలు మోసే జీవి కూడా ఈ కథలో ఉంది. వైట్‌టెయిల్ అనే చిన్న సాలీడు కరిస్తే చర్మం కుళ్ళి మానని పుండు పడుతుందని ఆస్ట్రేలియాలో దశాబ్దాలుగా నమ్మకం. పత్రికలు రాశాయి, కొందరు వైద్యులూ నమ్మారు. 2003లో ఇస్‌బిస్టర్, గ్రేలే ఈ సాలీడే కుట్టిందని రూఢిగా తెలిసిన 130 కేసులు పరిశీలిస్తే ఒక్కదానిలోనూ అలాంటి పుండు లేదు. మరి ఆ పుళ్ళు ఎక్కడివి? బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు, మధుమేహం వల్ల వచ్చేవి, ఇతర చర్మరోగాలు. సాలీడు మీద నెపం వేసినందువల్ల అసలు జబ్బుకు వైద్యం ఆలస్యమైంది. మన దేశంలోనూ దీనికి జోడు ఉంది. వానాకాలంలో పొద్దున లేచేసరికి మెడ మీదో బుగ్గ మీదో గీత గీసినట్టు మంట, పొక్కులు. సాలీడు పాకిందనో, ఒంటి మీద ఉచ్చ పోసిందనో చాలా చోట్ల అనుకుంటారు. అది సాలీడు పని కాదు. దీపం వెలుతురుకు వచ్చే పెడెరస్ అనే చిన్న, నారింజ-నలుపు చారల పురుగును నిద్రలో నలిపేస్తే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. ఒకే చోట రెండు మచ్చలు అంటుకున్నట్టు కనబడటం దాని గుర్తు. శ్రీకాళహస్తిలో శివుడికి గూడల్లి మోక్షం పొందిన జీవికి ఇంటికొచ్చేసరికి ఇంత అపవాదు! చిన్న విషయమే అనిపిస్తుంది గాని, తప్పు నేరస్తుణ్ణి పట్టుకుంటే అసలు నేరస్తుడు ఇంట్లోనే ఉంటాడు.

అసలు నేరస్తులెవరో కూడా లెక్కలున్నాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనెల్ వెల్టన్ బృందం 2000 నుంచి 2013 దాకా ఆస్ట్రేలియాలో విషజీవుల వల్ల జరిగిన ఆస్పత్రి చేరికలు, మరణాల రికార్డులన్నీ తిరగేసింది. పదమూడేళ్ళలో దాదాపు 42 వేల మంది ఆస్పత్రిలో చేరారు, 64 మంది చనిపోయారు. పాముల వల్ల 27 మంది. తేనెటీగలు, కందిరీగల వల్ల కూడా 27 మంది. సాలీళ్ళ వల్ల సున్నా. ఆస్పత్రి చేరికల్లోనూ మొదటి స్థానం తేనెటీగలు, కందిరీగలదే, మూడో వంతు. చావుల్లో సగానికి పైగా ఇంటి దగ్గరే జరిగాయి. తేనెటీగ విషం అందరినీ చంపదు, అలర్జీ ఉన్నవాళ్ళను నిమిషాల్లో చంపగలదు. ఇంగ్లండు తోటలో తేనెటీగను చూసి ముచ్చటపడిన మనిషే ఆస్ట్రేలియాలో సాలీడును చూసి అరుస్తాడు! తూర్పు తీరం పొడవునా పొదల్లో ఉండే పిడుదు ఇంకో రకం. దాని కాటు తరవాత కొందరికి మాంసం తింటే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం మొదలవుతుందని సిడ్నీ వైద్యురాలు షెరిల్ వాన్ నూనెన్ 2007లో మొదట బయటపెట్టారు. శాకాహారులం, మాకేమిటనుకోవడానికీ లేదు. మందు గుళికల పై తొడుగులో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. అక్కడి అలర్జీ నిపుణుల సలహా ప్రకారం పిడుదును గిల్లి లాగకూడదు, ఉన్నచోటే మందుల దుకాణంలో దొరికే స్ప్రేతో గడ్డకట్టించి చంపాలి. గిల్లితే దాని లాలాజలం మరింత లోపలికి పోతుంది. ఇక దోమలు. చికున్‌గున్యా వచ్చి నెలల తరబడి కీళ్ళు పట్టేసిన బాధ 2006 నాటి ఆంధ్రప్రదేశ్‌కు బాగా తెలుసు. ఆస్ట్రేలియాలోని రాస్ రివర్ జ్వరం ఆ కుటుంబపు వైరస్‌దే, కీళ్ళనొప్పులూ అలాగే ఉంటాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ 2022లో ఆగ్నేయ రాష్ట్రాలకూ పాకింది. పూలకుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళకు, గోడ మీది హంట్స్‌మన్‌కు పోటీ పెడితే భయపడవలసింది పళ్ళేనికే.

బొద్దింక గురించి ఇంకొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే డబ్బంతా ఇక్కడే వృథా అవుతుంది. వేడిదేశాల్లో పెద్ద బొద్దింకలు మురుగు కాలువల్లోంచి, తోటలోంచి వస్తాయి, పోతాయి. ఇంట్లోనే పుట్టి పెరిగేది చిన్నది, జర్మన్ బొద్దింక అంటారు. పేరుకు జర్మన్ గాని, సుమారు 2,100 ఏళ్ళ కిందట భారత్‌లోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి విడివడి పుట్టిందని 2024లో వచ్చిన జన్యు పరిశోధన చెబుతోంది. అంటే మన వంటింటి మనిషే. ఆడది ముప్ఫై, నలభై గుడ్ల సంచిని పొదిగేదాకా వెంటేసుకు తిరుగుతుంది, కాబట్టి స్ప్రే తగలని మూలన ఒక్క ఆడది మిగిలినా మళ్ళీ మొదలు. వెచ్చగా ఉంటే పిల్ల రెండు నెలల్లో తల్లి అవుతుంది. దాని మలం, విరిగిన పెంకులు గాలిలో కలిసి పిల్లల ఉబ్బసాన్ని పెంచుతాయి. కాబట్టి ఇంట్లో ఎవరిపైనైనా యుద్ధం ప్రకటించాలంటే దీనిపైనే. కానీ యుద్ధపద్ధతి మారాలి. గది మూసి పొగలా మందు నింపే డబ్బాలు ఈ బొద్దింకల్ని ఏమాత్రం తగ్గించలేదని, జెల్ మందు మాత్రం తగ్గించిందని నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఇళ్ళలోనే పరీక్షించి చూపారు. పొగ మందు నేల మీద, బల్లల మీద పేరుకుంటుంది, బొద్దింకలు దాక్కునే సందుల్లోకి చేరదు. అదే ఏడు పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఒక మందును తట్టుకున్న బొద్దింకల సంతానం తాము చూడని మందుల్నీ తట్టుకుంటోందని గమనించారు. జెల్‌కూ హద్దులున్నాయి. ఎరలో గ్లూకోజు కలిపితే, కొన్ని చోట్ల దాన్ని చేదుగా రుచి చూసే బొద్దింకలే బతికి బట్టకట్టాయి. గ్లూకోజు ఎర ముట్టని ఈ గుణం 1990లలోనే బయటపడింది. అందుకే ఎర మార్చి మార్చి వాడమంటారు. ఆవగింజంత చుక్కలు సింకు కింద గొట్టం చుట్టూ, తలుపు కీలు పక్క, ఫ్రిజ్ మోటారు దగ్గర పెట్టి, ఆ చుట్టుపక్కల స్ప్రే కొట్టకుండా ఉండాలి. స్ప్రే వాసన తగిలితే ఎర ముట్టవు. జెల్ పెట్టి, దాని మీద స్ప్రే కొట్టి, ‘ఏ మందూ పనిచేయదండీ’ అనేవాళ్ళను ఎక్కడైనా చూడొచ్చు.

ఇల్లంతా ఏడాదికోసారి మందు కొట్టిస్తే గొడవ వదిలిపోదా, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంట్లో? వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. కానీ ఇంటి గోడ చుట్టూ మందు కొట్టిస్తే ముందు చచ్చేవి చీమలు, చిన్న పురుగులు. సాలీడు సన్నని కాళ్ళ మొనల మీద నడుస్తుంది, కాబట్టి నేల మీద ఆరిపోయిన మందు దాని ఒంటికి అంతగా అంటదు. పైగా సాలీడు తిండి ఉన్నచోటికే వస్తుంది. ఇంట్లో సాలీళ్ళు ఎక్కువయ్యాయంటే పురుగులు ఎక్కువయ్యాయనే. వరండాలో తెల్లని బల్బు రాత్రంతా వెలిగిస్తే పురుగులు చేరతాయి, పురుగుల వెంట సాలీళ్ళు చేరతాయి. పసుపు వన్నె బల్బు మార్చడం, తలుపు కింద రబ్బరు పట్టీ వేయించడం, కిటికీ జాలీకి పడ్డ చిరుగులు కుట్టడం, కట్టెల గుట్టను గోడకు దూరంగా జరపడం, ఇవి మందుకన్నా ఎక్కువ పనిచేస్తాయి, ఖర్చూ తక్కువ. ఒక్క చోట మాత్రం తొందరపడకూడదు. ఇటుక ఇళ్ళ గోడ అడుగున వరసగా చిన్న సందులుంటాయి. పురుగులొస్తాయని వాటిని సిమెంటుతో మూసేస్తే గోడలోపలి తడి బయటికి పోయే దారి ఉండదు. వాటికి సన్నని స్టీలు జాలీ వేయాలి. తడి దగ్గరికి వచ్చేవి చెదలు, అవి కరవవు గాని ఇంటిని తినేస్తాయి. ఆస్ట్రేలియా ఇళ్ళ చట్రం చాలావరకు కొయ్య. ఇంటి బీమా మామూలుగా చెదల నష్టాన్ని భరించదు. నిజంగా ఏటేటా డబ్బు పెట్టి మనిషిని పిలవవలసిన పురుగు ఇదే, ఇల్లు కొనేముందు కూడా.

హైదరాబాదు నుంచి నేరుగా వెళ్ళినవాళ్ళు, మాకీ పాఠాలెందుకు, బల్లులతో బొద్దింకలతో పెరిగినవాళ్ళం అనవచ్చు. భయం విషయంలో వాళ్ళకు మెరుగే. అలవాట్ల విషయంలో కాదు. బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయడం మనకు ఆనవాయితీ. అందులోని నాఫ్తలీన్ జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసికందుల ఎర్రరక్తకణాలు చిట్లేలా చేస్తుంది. ఆ లోపం మన జనంలోనూ ఉంది, పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. ఊరినుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న బొద్దింకల చాక్‌పీసు పిల్లల చేతికి అందితే పలక మీద రాసే సుద్దముక్కే. ఆస్ట్రేలియాలో అమ్మే ప్రతి పురుగుమందూ ఏపీవీఎంఏ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు కావాలి, డబ్బా మీద మోతాదు, జాగ్రత్తలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, మన పరిచయం మన పురుగులతోనే. చెప్పులు బయట విడిచి పొద్దున్నే కాళ్ళు దూర్చే అలవాటు విజయవాడలో పెద్ద ప్రమాదం కాదు. సిడ్నీ శివారులో వాన పడ్డ మర్నాడు వరండాలో వదిలిన బూటు దులపకుండా తొడుక్కోకూడదు.

ఇన్ని లెక్కలు చెప్పినా, సాలీడును చూడగానే చెమటలు పట్టే మనిషికి లెక్కలు పట్టవని ఇంకో అభ్యంతరం ఉంది. ఒప్పుకోవలసిందే. అది తెలియనితనం కాదు, ఫోబియా. దానికి వైద్యం ఉంది, అదీ త్వరగా అయ్యే వైద్యం. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్-గోరన్ ఓస్ట్ 1989లో ప్రచురించిన పద్ధతిలో, ఒకే సిట్టింగులో మూడు గంటలు మించకుండా, మనిషి తనంతట తానుగా మెట్టుమెట్టుగా సాలీడుకు దగ్గరవుతాడు. చాలామందిలో ఆ మార్పు నిలిచింది. ఇంటినిండా మందు కొట్టించడం ఈ భయాన్ని తగ్గించకపోగా పెంచుతుంది, ఎందుకంటే ప్రతిసారీ పారిపోవడమే నేర్పుతుంది.

ఇక కాటు పడ్డప్పుడు. సిడ్నీ ప్రాంతంలో పెద్ద నల్లని సాలీడు ఏది కుట్టినా, అది ఫనెల్‌వెబ్ కాదని రుజువయ్యేదాకా ఫనెల్‌వెబ్ అనుకోవాలి. కుట్టిన చేయికి గాని కాలికి గాని వేళ్ళ దగ్గర్నుంచి పైదాకా సాగే బ్యాండేజీ గట్టిగా చుట్టి, బద్ద కట్టి, మనిషిని కదలనీయకుండా పడుకోబెట్టి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయాలి. కోసి రక్తం పిండటం, తాడుతో బిగించడం చేయకూడదు. రెడ్‌బ్యాక్ కుడితే ఈ కట్టు కట్టకూడదు, నొప్పి ఎక్కువవుతుంది. ఐసు పెట్టి, నొప్పిమాత్ర వేసి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఏది కుట్టిందో తెలియకపోతే 13 11 26 నంబరులో విషసమాచార కేంద్రం రాత్రీపగలూ పలుకుతుంది. తేనెటీగ కుట్టాక గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరగడం, ఒళ్ళంతా దద్దుర్లు ఒక్కసారి వచ్చినవాళ్ళు ఆలస్యం చేయకుండా అలర్జీ నిపుణుణ్ణి చూసి, అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను దగ్గర ఉంచుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా అది గుచ్చడం నేర్పాలి.